గోదావరి డెల్టాలో దంపతులిద్దరూ కలిసి జియోకాషింగ్‌కు ఎలా వెళ్ళాలి

జియోకాషింగ్ అనేది దాచిన డబ్బాను వెతికే ఆట. ఒకరు ఒక చిన్న డబ్బాను ఒక చోట దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను ఆట యాప్‌లో నమోదు చేస్తారు. మిగిలినవారు ఫోన్‌లోని జీపీఎస్ ఆధారంగా అక్కడికి వెళ్ళి, డబ్బాను కనిపెట్టి, లోపలి చీటీ మీద తమ పేరూ తేదీ రాసి, డబ్బా ఎలా ఉన్నదో అలాగే తిరిగి దాచి వస్తారు. పేరు చూసి చాలామంది 'క్యాచింగ్' అని పలుకుతారు గానీ, అసలు పలుకుబడి 'కాషింగ్'. కాష్ అంటే దాపరికంగా ఉంచిన సరుకు అని అర్థం.

ఈ ఆటకు పుట్టినరోజు కూడా ఉన్నది. సామాన్యులు వాడే జీపీఎస్ సంకేతంలో అమెరికా ప్రభుత్వం కావాలని కలిపి ఉంచిన తప్పు వల్ల, అప్పట్లో చూపిన చోటికీ అసలు చోటికీ 100 మీటర్ల వరకు తేడా వచ్చేది. 2000 మే నెల మొదట్లో ఆ తప్పును తొలగించారు. వెంటనే మే 3న ఓరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక నల్ల బకెట్టులో కొన్ని వస్తువులు పెట్టి దాచి, ఆ చోటి అంకెలను ఇంటర్నెట్‌లో ప్రకటించారు. వాటిని పట్టుకుని మనుషులు నిజంగానే అక్కడికి చేరుకోగలిగారు. ఈరోజు మన ఫోన్లతో మనం ఆడుతున్నది అదే ఆట.

అయితే నేల మీద పుట్టిన ఆటను నీటి మధ్యకు తెచ్చుకున్నప్పుడు కొన్ని పద్ధతులు మార్చుకోక తప్పదు. ఫోన్‌లోని బాణం గుర్తుకు గోదావరి కనిపించదు. డబ్బా కిలోమీటరున్నర దూరంలో ఉన్నదని అది చూపిస్తుంది, ఆ కిలోమీటరున్నరా గౌతమి పాయే అయి ఉంటుంది. అందుకే మన డెల్టాలో ఈ ఆటకు ప్రణాళిక వేసేటప్పుడు డబ్బాల నుంచి కాకుండా రేవుల నుంచి, వారధుల నుంచి మొదలుపెట్టాలి. మావారూ నేనూ సెలవు దొరికినప్పుడల్లా ఈ ఆట కోసం తిరిగి నేర్చుకున్న పద్ధతిని, కొత్తగా మొదలుపెట్టే జంటలకు పనికివచ్చే విధంగా వరుసగా రాస్తున్నాను.

ముందు రోజు రాత్రి చేయవలసిన పని

మొదట యాప్‌లో ఖాతా తెరవాలి. ఇద్దరికీ చెరొక ఖాతా ఉండవచ్చు, లేదా ఇద్దరికీ కలిపి ఒకే జట్టు పేరు పెట్టుకోవచ్చు. ఎప్పుడూ కలిసే వెళ్ళేవారికి జట్టు పేరే సులువు, ఎందుకంటే చాలా డబ్బాల్లోని చీటీ చిటికెన వేలంత వెడల్పే ఉంటుంది, రెండు పేర్లకు అందులో చోటు సరిపోదు. ఉచిత ఖాతాకు అన్ని డబ్బాలూ కనిపించవు, కానీ ఆట మనకు నచ్చుతుందో లేదో తెలుసుకోవడానికి అది చాలు.

తరువాత మ్యాప్ తెరిచి వెళ్ళదలచిన ప్రాంతంలో ఏమున్నాయో చూడాలి. ప్రతి డబ్బాకు రెండు అంకెలు ఇస్తారు. ఒకటి వెతకడం ఎంత కష్టమో చెబుతుంది, రెండవది అక్కడికి చేరుకోవడం ఎంత కష్టమో చెబుతుంది. రెండూ 1 నుంచి 5 వరకు అర చొప్పున పెరుగుతాయి. మొదటిసారి వెళ్ళే జంట రెండు అంకెలూ 2కు మించని వాటినే ఎంచుకోవడం మంచిది. అక్కడితో ఆగకుండా, అంతకుముందు వెళ్ళినవారు రాసిన మాటలు కూడా చదవాలి. చివరిగా ఎవరికైనా దొరికి ఏళ్ళు గడిచిపోయి, ఆ తరువాత వెళ్ళినవారందరూ దొరకలేదనే రాసి ఉంటే, ఆ డబ్బా వరదకు కొట్టుకుపోయి ఉండవచ్చునని అనుకుని, దాని కోసం రోజంతా పెట్టుకోకూడదు.

అంకెలను చదివే తీరులో ఒక పొరపాటు దాదాపు ప్రతి కొత్తవారికీ జరుగుతుంది కనుక దాన్ని కొంచెం విడమరచి చెబుతాను. ఈ ఆటలో అక్షాంశాన్ని డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో వెయ్యో వంతులుగా రాస్తారు. ఉదాహరణకు 16 డిగ్రీల 45.500 నిమిషాలు అని ఉంటుంది. మనం రోజూ వాడే మ్యాప్ యాప్‌లు మాత్రం అదే చోటును 16.75833 డిగ్రీలు అని దశాంశంలో చూపిస్తాయి. నిమిషాలను 60తో భాగించకుండా, 45.500ను తిన్నగా చుక్క తరువాత పెట్టి 16.45500 అని టైపు చేస్తే, మనం 33 కిలోమీటర్లకు పైగా దక్షిణానికి వెళ్ళిపోతాము. అదే అంకెలను సరిగా వాడితే, నిమిషంలో వెయ్యో వంతు అంటే నేల మీద రెండు మీటర్ల లోపే. కాబట్టి యాప్‌లో కనిపించే అంకెలను చేత్తో వేరే చోట టైపు చేయవలసి వస్తే, ఒకరు చదవాలి, ఒకరు టైపు చేయాలి, ఆ తరువాత టైపు చేసినవారు తిరిగి పైకి చదివి వినిపించాలి.

చివరగా, వెళ్ళే ప్రాంతపు మ్యాప్‌ను ఫోన్‌లోకి దించుకోవాలి. నది నడుమ దిబ్బల మీద ఉన్న లంక గ్రామాల్లోనూ సముద్రపు ఒడ్డునా సిగ్నల్ ఉంటుందని నమ్ముకుని బయలుదేరకూడదు. జీపీఎస్‌కు ఇంటర్నెట్ అవసరం లేదు, అది ఉపగ్రహాల నుంచి నేరుగా పనిచేస్తుంది. మ్యాప్ బొమ్మకు మాత్రం ఇంటర్నెట్ కావాలి.

నీటిని దాటే లెక్క

ఈ మార్గదర్శిలో అన్నిటికంటే శ్రద్ధగా చదవవలసిన భాగం ఇదే. ముందుగా డెల్టా రూపాన్ని మనసులో గీసుకోవాలి. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ అనే రెండు పెద్ద పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ మరొక పాయగా విడిపోయి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది, వసిష్ఠ అంతర్వేది దగ్గర కలుస్తుంది. గౌతమికీ వసిష్ఠకూ మధ్య ఉన్నది కోనసీమ. గౌతమికి తూర్పున ద్రాక్షారామం, రామచంద్రపురం, యానాం వస్తాయి. వసిష్ఠకు పడమర నరసాపురం, పాలకొల్లు వస్తాయి.

ఇప్పుడు ఒక తెల్లకాగితం మీద ఈ పాయలను గీసి, దాటే చోట్లను మాత్రమే గుర్తించాలి. ధవళేశ్వరం ఆనకట్ట మీదుగా ఒక దారి ఉన్నది. దాని దిగువన గౌతమి మీద జొన్నాడ–రావులపాలెం వారధి, యానాం–ఎదుర్లంక వారధి ముఖ్యమైనవి. వైనతేయ మీద బోడసకుర్రు–పాశర్లపూడి వారధి ఉన్నది. వసిష్ఠ మీద సిద్ధాంతం వారధి, దిండి పక్కన చించినాడ వారధి ఉన్నాయి. ఇవి కాక కోటిపల్లి–ముక్తేశ్వరం మధ్య, సఖినేటిపల్లి–నరసాపురం మధ్య మనుషులనూ బండ్లనూ దాటించే పెద్ద పడవ, అంటే పంటు మీద దాటవచ్చు. ఈ గుర్తుల మీద డబ్బాలున్న చోట్లను చుక్కలుగా పెడితే, ఫోన్‌లో పక్కపక్కనే కనిపించిన రెండు చుక్కలు నిజానికి ఒక పూట ప్రయాణమంత దూరంలో ఉన్నాయని అర్థమవుతుంది.

దీని నుంచి మేము ఒక నియమం పెట్టుకున్నాము. ఒక రోజుకు ఒకే గడ్డ. తూర్పు గట్టున మొదలుపెడితే సాయంత్రం వరకు తూర్పు గట్టునే వెతకాలి. దాటవలసి వస్తే ఒక్కసారి మాత్రమే, అది కూడా ఉదయం పూటే దాటాలి. తిరుగు ప్రయాణం పంటు మీద పెట్టుకుంటే, ఆ రోజు చివరి పంటు ఎన్ని గంటలకో పొద్దున రేవులోనే అడిగి రాసుకోవాలి.

ఈ నియమం మాకు ఒక సాయంత్రం నుంచి వచ్చింది. ముక్తేశ్వరం వైపు ఒక డబ్బా కోసం వెతుకుతూ ఇంకొక్క పావుగంట, ఇంకొక్క పావుగంట అనుకుంటూ పొద్దువాలేదాకా ఉండిపోయాము. రేవుకు చేరేసరికి పంటును అవతలి గట్టున కట్టేసి ఉంచారు. కోటిపల్లి దీపాలు నీళ్ళలో కనిపిస్తూనే ఉన్నాయి, ఆ ఒడ్డుకు చేరడానికి మాత్రం మేము ఎదుర్లంక, యానాం, ద్రాక్షారామాల మీదుగా చీకట్లో బండి మీద చుట్టు తిరిగి రావలసి వచ్చింది. దారి పొడవునా పురుగులు కళ్ళలో పడుతుంటే మావారు హెల్మెట్ అద్దం దించలేక, ఎత్తలేక పడిన బాధ నాకు ఇప్పటికీ గుర్తున్నది.

వానాకాలంలో లెక్క ఇంకా కఠినంగా ఉండాలి. జూలై నుంచి సెప్టెంబరు వరకు ధవళేశ్వరం దగ్గర నీటిమట్టాన్ని వార్తల్లో చూస్తూ ఉండాలి. అక్కడ 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ చేస్తారు. మొదటి హెచ్చరిక వచ్చిందంటే లంకల్లోకి, ఏటిగట్టు లోపలి వైపుకు వెళ్ళే ఆలోచన మానుకోవాలి, ఎందుకంటే లంక గ్రామాలకు వెళ్ళే కాజ్‌వేలు ముందుగా మునుగుతాయి, ఉదయం దాటిన దారి సాయంత్రానికి ఉండకపోవచ్చు. అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను సూచన ఉన్నా అంతే. 1996 నవంబరు తుఫాను కోనసీమను ఏం చేసిందో తెలిసినవారు ఈ మాటను తేలికగా తీసుకోరు. ఈ ఆటకు డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు అన్నివిధాలా అనువైన కాలం. అయితే కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికీ, భీష్మ ఏకాదశికి అంతర్వేది కల్యాణానికీ ఆ వైపు దారులన్నీ జనంతో నిండిపోతాయి. ఆ రోజుల్లో తీర్థానికే వెళ్ళి రావాలి, డబ్బాను మరొక రోజుకు వాయిదా వేయాలి.

సంచిలో ఏమేమి ఉండాలి

పెద్ద జాబితా అవసరం లేదు. చార్జింగ్ పవర్ బ్యాంక్, మంచినీళ్ళు, టోపీలు, చిన్న టార్చి, మూరెడు పొడవున్న కర్ర, చేతి తొడుగులు, పాత గుడ్డపేలిక, బూట్లు. చెప్పులతో వెళ్ళకూడదు. డబ్బాలో వస్తువు తీసుకుంటే దానికి సమానమైన మరొక వస్తువు పెట్టాలన్నది ఆట నియమం కాబట్టి, రెండు మూడు చిన్న బొమ్మలో, గాజుల జతో వెంట ఉంచుకోవచ్చు. తినే వస్తువులు మాత్రం డబ్బాలో ఎప్పుడూ పెట్టకూడదు, చీమలూ ఎలుకలూ డబ్బాను వదలవు.

పెన్ను విషయంలో ఒక మాట. మన గాలిలోని తేమకు చీటీ మెత్తబడుతుంది, దాని మీద బాల్‌పెన్ను జారిపోతుంది, జెల్‌పెన్ను రాత నెలలోపే నీలిమచ్చగా మారుతుంది. ముదురు పెన్సిల్ రాత తడిసినా నిలుస్తుంది. అందుకే రెండు పెన్సిల్ ముక్కలు చెక్కి పెట్టుకోవాలి.

చోటికి చేరాక వెతకడం ఎలా

ఇద్దరిలో ఒకరు ఫోన్ పట్టుకోవాలి, రెండవవారు ఫోన్ వైపు చూడనే కూడదు. ఇది మేము కష్టపడి నేర్చుకున్న పద్ధతి. ఫోన్ చూస్తూ నడిచేవారికి కాలి కింద ఉన్నది కనిపించదు, డబ్బా కూడా కనిపించదు. మా ఇద్దరిలో మావారు బాణం గుర్తును అనుసరించి "ఇంకా ఇరవై మీటర్లు, కుడి చేతి వైపు" అని చెబుతూ ఉంటారు, నేను నేలనూ చెట్లనూ చూస్తూ నడుస్తాను. పది మీటర్ల లోపలికి రాగానే ఆయన కూడా ఫోన్‌ను జేబులో పెట్టేస్తారు.

ఎందుకంటే ఆకాశం బాగా కనిపించే చోట కూడా ఫోన్ జీపీఎస్‌కు సుమారు అయిదు మీటర్ల తేడా ఉండటం సహజం. గుబురుగా ఉన్న కొబ్బరి తోటలో ఆ తేడా ఇంకా పెరుగుతుంది. డబ్బా దాచినవారి ఫోన్‌కూ అంతే తేడా ఉండి ఉంటుంది. కాబట్టి సున్నా మీటర్లు అని చూపించే చోటనే గుచ్చిగుచ్చి చూడటం వృథా. ఒక నిమిషం కదలకుండా నిలబడి అంకెలు కుదురుకోనివ్వాలి. తరువాత ఆ చోటికి మూడు వేర్వేరు దిక్కుల నుంచి నడిచి, ప్రతిసారీ సున్నాకు దగ్గరైన చోట ఒక ఎండుటాకో కొబ్బరి పీచో గుర్తుగా పెట్టాలి. ఆ మూడు గుర్తుల నడుమ ఉన్న జాగాలో వెతకాలి.

ఇక్కడి నుంచి ఆలోచన మారాలి. నేనే దాచవలసి వస్తే, దారినపోయేవారికి కనిపించకుండా, వానకు తడవకుండా, మళ్ళీ చేతికి అందేలా ఎక్కడ పెట్టేదాన్ని అని ప్రశ్నించుకోవాలి. కాలవ గట్టున ఉన్న పాత తూము రాళ్ళ వెనుక సందు, రావిచెట్టు వేళ్ళ మధ్య గూడు, ఇనుప కడ్డీకి వెనుక వైపు అయస్కాంతంతో అంటించిన చిన్న గొట్టం, ఒకే చోట సహజంగా పడినట్టు కాక పేర్చినట్టు కనిపించే పెంకు ముక్కలు, ఇలాంటివి ముందుగా చూడాలి. ఒకరు పావుగంట వెతికి దొరకకపోతే పాత్రలు మార్చుకోవాలి. అదే జాగాను కొత్త కళ్ళు చూడగానే దొరికిన సందర్భాలు మాకు చాలా ఉన్నాయి.

చేతిని మాత్రం కన్ను చూడని సందులో పెట్టకూడదు. డెల్టాలో నాగుపాము, రక్తపింజర, కట్లపాము మూడూ ఉన్నాయి. చేలు కోతకు వచ్చిన రోజుల్లో అవి ఎలుకల కోసం గట్ల మీదకు వస్తాయి. ముందు కర్రతో తట్టాలి, తరువాత టార్చి వేసి చూడాలి, ఆ తరువాతే తొడుగు వేసుకున్న చేయి పెట్టాలి. ఒకవేళ కాటు పడితే కోయడం, కట్టు బిగించడం, నాటు మందు వంటివి ఏవీ చేయకుండా, కాటు పడినవారిని కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

కొబ్బరి చెట్టు కింద నిలబడి ఫోన్ చూసుకోవడం కూడా మానుకోవాలి. ఎండు మట్ట గానీ కాయ గానీ పడితే ప్రాణాపాయం. తోటలో దింపు తీస్తున్నారని తెలిస్తే ఆ తోట వైపే వెళ్ళకూడదు. పచ్చని చేలో దిగి అడ్డదారిన పోకూడదు, గట్టు మీదే, ఒకరి వెనుక ఒకరు నడవాలి. గ్యాస్ బావులు, పైపులైన్ గుర్తులు ఉన్న చోట్లకు దూరంగా ఉండాలి. 1995 జనవరిలో పాశర్లపూడిలో బావి అంటుకుని 65 రోజులు మండింది, 2014 జూన్‌లో నగరం గ్రామంలో పైపులైన్ పేలింది. అటువంటి చోట ఇద్దరు కొత్త మనుషులు వంగి వంగి నేలను వెతుకుతుంటే ఊరివారికి భయం కలగడం న్యాయమే.

ఊరివారు పలకరించినప్పుడు

మన ప్రాంతంలో కొత్తవారు కనిపిస్తే పలకరించకుండా ఎవరూ ఉండరు. దీన్ని ఇబ్బందిగా భావించకుండా, ముందుగానే సమాధానం సిద్ధం చేసుకోవాలి. దాచడం, తప్పించుకోవడం చేస్తే అనుమానం పెరుగుతుంది. ఒకసారి కాలవ గట్టున వెతుకుతుండగా గేదెలను తోలుకువస్తున్న పెద్దాయన ఆగి నన్ను అడిగారు.

"ఏటమ్మా, ఏదైనా పారేసుకున్నారా?"

"లేదండి తాతగారూ. ఎవరో ఇక్కడ చిన్న డబ్బా దాచి, చోటు ఫోన్‌లో చెప్పారండి. దాన్ని వెతికే ఆటండి ఇది."

"ఆయ్, ఆటా! పెళ్ళయినోళ్ళు ఆడుకునే ఆటా?" అని కాసేపు ఆలోచించి, "ఆ తూము రాయి కింద మొన్నెవరో కుర్రోళ్ళు తచ్చాడారు, చూడండి" అన్నారు.

డబ్బా అక్కడే ఉన్నది. ఆయనను కూడా చీటీ మీద వేలితో తాకమని అడిగితే, చేతులు పంచెకు తుడుచుకుని మరీ తాకారు. ఆట నియమాల ప్రకారం ఆడనివారి కంట పడకుండా డబ్బా తీయాలి, నిజమే. కానీ ఆ ఊరి మనిషికి తెలిసి ఉండటమే డబ్బాకు రక్షణ అని నా నమ్మకం. తోట లోపలికి వెళ్ళవలసి వస్తే ముందు యజమానిని అడగాలి. "ఎవరింటి తాలూకండీ?" అన్న ప్రశ్న తప్పక వస్తుంది. మీ ఊరు, మీ ఇంటిపేరు చెప్పండి. అవి విన్నాక సగం చోట్ల మంచినీళ్ళో కొబ్బరి బొండమో వస్తుంది.

మొదటి ప్రయాణాలకు అనువైన దారులు

డబ్బాలు వస్తూ పోతూ ఉంటాయి కనుక, డబ్బా దొరికినా దొరకకపోయినా రోజు వృథా కాని దారిని ఎంచుకోవాలి.

కొత్త జంటలకు నేను మొదట చెప్పేది ధవళేశ్వరం–ఆత్రేయపురం–ర్యాలి దారి. ధవళేశ్వరంలో కాటన్ దొరగారి మ్యూజియం ఉన్నది. సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేసిన ఆనకట్ట వల్లనే ఈ డెల్టా ఇంత పచ్చగా మారింది. దాని చోట కట్టిన నేటి ఆనకట్ట ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, నడుమ లంకలను కలుపుకుంటూ సాగుతుంది. ఆనకట్ట గేట్ల దగ్గర, రైలు వంతెనల దగ్గర ఏదీ వెతకకూడదు, చూసి సాగిపోవాలి. బొబ్బర్లంక దాటి కాలవ వెంట ఆత్రేయపురం చేరితే, పూతరేకుల రేకును తీసే పద్ధతిని దగ్గరగా చూడవచ్చు. బోర్లించిన కుండ కింద మంట మండుతుంటుంది, పలుచని బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను కుండ వీపు మీద ఒక్కసారి పరచి లాగుతారు, గుడ్డ వెనుకే కాగితం వంటి రేకు నిలిచిపోతుంది. అక్కడికి దగ్గరలోనే ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి గుడి. ముందు విష్ణురూపం, వెనుక మోహినీరూపం ఒకే శిలలో ఉన్న ఆ విగ్రహాన్ని చుట్టూ తిరిగి చూసి, కొప్పు ముడినీ నగల చెక్కడాన్నీ ఒకరికొకరు చూపించుకోవడం కూడా వెతుకులాటే.

రెండవది కోరంగి మడ అడవులు. ఇది కాకినాడకు దక్షిణాన ఉన్న అభయారణ్యం, కనుక ఇక్కడ డబ్బా దాచే ఆలోచనే చేయకూడదు. కానీ ఈ ఆటలో డబ్బా లేని రకం ఒకటి ఉన్నది. ఎర్త్‌కాష్ అనే ఆ రకంలో, నేల ఎలా ఏర్పడిందో ఆ చోటనే నిలబడి గమనించి, అడిగిన ప్రశ్నలకు సమాధానాలు పంపాలి. అటువంటిది అక్కడ నమోదై ఉన్నా లేకున్నా ఆ పద్ధతిని మీరే పాటించవచ్చు. చెక్కబాట మీద నిలబడి, మడచెట్ల శ్వాసవేర్లు బురదలోంచి పైకి ఎలా లేచాయో, వాటి మధ్య నీటి వేగం తగ్గి ఒండ్రు ఎలా నిలుస్తున్నదో చూసి, పోటు వేళ ఒకసారి, పాటు వేళ ఒకసారి ఒకే వేరు మీద నీటి గుర్తును పోల్చి రాసుకోవాలి. నది తెచ్చిన మట్టిని సముద్రం సర్దిన తీరు అర్థమైతే, కాకినాడ ముందున్న హోప్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బ ఎలా పొడుచుకు వచ్చిందో కూడా అర్థమవుతుంది.

అంతర్వేది దారి మూడవది. అది దూరం, ఎండ ఎక్కువ. కొంత అలవాటు పడ్డాక వెళ్ళడం మేలు.

దగ్గరలో డబ్బాలు లేకపోతే

మీ ఊరి చుట్టూ మ్యాప్ ఖాళీగా కనిపిస్తే నిరాశ పడనవసరం లేదు. ఒకరి కోసం ఒకరు దాచుకోవచ్చు. యాప్‌లో నమోదు చేయకుండా, ఇద్దరి మధ్యనే ఉండే ఆట ఇది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది కూడా ఇదే. మా పుట్టింటి కొబ్బరి తోటలో, బోదె పక్కన ఉన్న పాత నూతి గోడలో ఒక ఇటుక ఊడిన గూడు ఉన్నది. రబ్బరు అంచు ఉన్న గట్టి మూత డబ్బాలో చిన్న నోటుపుస్తకం, పెన్సిల్, మందుల సీసాల్లో వచ్చే తేమ పీల్చే గుళికల పొట్లం పెట్టి, దాన్ని అక్కడ దాచి, అంకెలను పప్పుల డబ్బా మూత లోపల అంటించాను. మావారికి అది మూడు రోజుల తరువాత కనిపించింది. ఆదివారం వెళ్ళి వెతికి తీసి, పుస్తకంలో ఒక వాక్యం రాసి, డబ్బాను మరొక చోటికి మార్చి, కొత్త అంకెలు నాకు ఇచ్చారు. ఆ పుస్తకం ఇప్పుడు సగం నిండింది.

దాచేటప్పుడు అంకెలు తీసుకునే పద్ధతి ముఖ్యం. డబ్బా ఉన్న చోట ఫోన్‌ను రెండు నిమిషాలు కదలకుండా ఉంచి అంకెలు రాసుకోవాలి, కాసేపు అటూ ఇటూ తిరిగి వచ్చి మళ్ళీ తీసుకోవాలి, వీలైతే మరొక రోజు కూడా తీసుకుని వాటి సగటు వేయాలి. ఇద్దరి ఫోన్లతోనూ తీసుకుంటే ఇంకా మంచిది.

అందరి కోసం యాప్‌లో నమోదు చేయాలనుకుంటే నియమాలు గట్టిగా ఉంటాయి. స్థల యజమాని అనుమతి ఉండాలి. మరొక డబ్బాకు కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి. నేలను తవ్వి పాతిపెట్టకూడదు. చెట్టుకు మేకులు కొట్టకూడదు. స్వచ్ఛందంగా పనిచేసే పరిశీలకులు చూసి అంగీకరించాకే అది మ్యాప్ మీదకు వస్తుంది. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న గుడుల లోపల, రద్దీగా ఉండే బస్టాండ్లలో, పోలీసు స్టేషన్ల దగ్గర పెట్టకూడదు. డబ్బా లోపల ఇది ఆట కోసం పెట్టినదని, ఎవరికైనా దొరికితే అక్కడే ఉంచమని తెలుగులో చక్కని అక్షరాలతో ఒక కాగితం పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఏడాదికి రెండుసార్లయినా వెళ్ళి చూసుకోగలిగిన చోటనే దాచాలి. వరద తీసిన తరువాత ఒకసారి తప్పకుండా వెళ్ళాలి. ఏటిగట్టుకు నది వైపు పెట్టిన డబ్బా ప్లాస్టిక్ చెత్తగా మారి సముద్రంలో కలుస్తుంది కనుక, ఎప్పుడూ గట్టుకు ఊరి వైపే పెట్టాలి.

ఇంటికి వచ్చాక

ఆ రాత్రే యాప్‌లో నమోదు చేయాలి. దొరికితే దొరికిందని, దొరకకపోతే దొరకలేదని నిజాయితీగా రాయాలి. దొరకలేదన్న మాట డబ్బా యజమానికి చాలా విలువైనది, వెళ్ళి చూసుకోవలసిన అవసరం ఉన్నదని దాని వల్లనే తెలుస్తుంది. చీటీ తడిసి ఉందా, మూత పగిలిందా అన్నది రాయాలి. డబ్బా దాచిన చోటును మాత్రం మాటల్లో గానీ ఫొటోలో గానీ బయటపెట్టకూడదు. బూట్లకు అంటిన ఒండ్రు ఆరకముందే కడగాలి, ఆరితే రాయిలా గట్టిపడుతుంది. చివరగా, ఆ రోజు ఏ రేవు దాటారో, చివరి పంటు ఎన్ని గంటలకని అక్కడివారు చెప్పారో, తేదీతో సహా ఒక్క వాక్యం చేర్చండి. మీ తరువాత ఆ చోటికి బయలుదేరే జంట ముందుగా వెతికేది ఆ వాక్యాన్నే.